ముందు చేవ్రాలు, వెనుక లెక్క

అమెరికా దేశమున పేరుగన్న విద్యాలయములు పెక్కు "ఎర్లీ డెసిషన్" అను నొక పద్ధతిని నడుపుచున్నవి. దాని స్వరూపమును ముందుగా చెప్పి పిమ్మట దానిని ఖండింతుము. ఏలయన, విషయము చెప్పక ఖండించుట వాదము కాదు, తిట్టు మాత్రమే.

ఆ పద్ధతి యిట్టిది. హైస్కూలులో కడపటి సంవత్సరము చదువుచున్న విద్యార్థి, సాధారణముగా నవంబరు 1వ తేదీ నాటికి, ఒక్క విద్యాలయమునకు మాత్రమే యీ రీతిని దరఖాస్తు పంపవలెను. అందు సీటు దొరకినచో తప్పక చేరెదననియు, తక్కిన దరఖాస్తులన్నియు ఉపసంహరించుకొనెదననియు మాట యియ్యవలెను. ఆ మాట వ్రాసిన కాగితముపై విద్యార్థియు, తల్లియో తండ్రియో, పాఠశాలలోని సలహాదారుడును చేవ్రాలు చేయుదురు. డిసెంబరు నడుమ ఫలితము తెలియును. ఇట్లు కట్టుబడని విద్యార్థులు కొంత ఆలస్యముగా దరఖాస్తులు పంపి, ఏప్రిలు మొదటికి ఫలితములన్నియు చేతికి వచ్చిన పిదప, ఏ విద్యాలయము ఎంత ధనసాయము చేయుచున్నదో సరిపోల్చుకొని, మే 1వ తేదీ లోపల తమ నిశ్చయము తెలుపుదురు. మొదటివానికి ఒక్కటే తలుపు. రెండవవానికి తలుపులు పెక్కు, వానిని చూచుకొనుటకు తీరికయు కలదు.

స్వంత పెట్టుబడితో నడచు కళాశాలలు ఈ బేరమాడుకొనినచో అది వారి వ్యాపారమని కొందరనవచ్చును. వారితో మాకు నేడు వివాదము లేదు. మా వివాదము ప్రజల విద్యాలయములమని చెప్పుకొనువానితో. 1819లో థామస్ జెఫర్సన్ స్థాపించిన వర్జీనియా విశ్వవిద్యాలయము, 1693లో పుట్టి 1906లో వర్జీనియా రాష్ట్ర ప్రభుత్వ పరమైన విలియం అండ్ మేరీ, 1817 నాటి మిచిగాన్ విశ్వవిద్యాలయము—ఈ మూడును ప్రజలవే. ఈ మూడును నేడు ఈ పద్ధతిలో దిగినవే.

సముద్రములకు ఆవలి సంగతి మన గృహములకేల యని చదువరులు అడుగవచ్చును. ఉత్తర వర్జీనియా పట్టణములలోను, డెట్రాయిటు నగర పరిసరములలోను కాపురములు పెట్టుకొన్న తెలుగు కుటుంబములు తక్కువ గావు. మేము పాఠములు చెప్పిన బాలురును బాలికలునే నేడచ్చట తలిదండ్రులై యున్నారు. దసరా వచ్చుసరికి వారి ప్రశ్న యొకటే: "మాస్టారూ, పిల్లవాడిచేత ఎర్లీ డెసిషన్ పెట్టించమంటారా, వద్దంటారా?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె అందరికి కలిపి చెప్పుట మేలని తలచితిమి. కావున మా మతమును రెండు మాటలలో తెలుపుదుము. ప్రజల పేరిట నిలిచిన విద్యాలయము, విద్యార్థి యిచ్చు వాగ్దానమును సీటునకు వెలగా పుచ్చుకొనరాదు. అది పుచ్చుకొనుచున్నంతకాలము, తనకు పడు వెల యెంతో తెలియని గృహస్థు ఆ కాగితముపై చేవ్రాలు చేయరాదు.

ఇది మేము క్రొత్తగా కనిపెట్టిన దోషము కాదు. ఆ విద్యాలయములే యొకప్పుడు దీనిని ఒప్పుకొన్నవి. చాపెల్ హిల్‌లోని ఉత్తర కెరొలైనా విశ్వవిద్యాలయము 2002లోనే ఎర్లీ డెసిషనును విడిచిపెట్టినది. 2006 సెప్టెంబరులో హార్వర్డు, ప్రిన్స్‌టన్ విద్యాలయములు తమ ముందస్తు పద్ధతులను మానుకొనెదమని చాటగా, కొలది దినములలోనే వర్జీనియా విశ్వవిద్యాలయమును ఆ బాటనే పట్టినది. కారణమేమనినది? తక్కువ రాబడి గల కుటుంబముల పిల్లలకు ఈ పద్ధతి అడ్డమగుచున్నదని. మంచి మాట, మెచ్చితిమి. ఐదేండ్లు గడచునప్పటికి, 2011లో, ఆ మూడును కట్టుబాటు లేని ముందస్తు దరఖాస్తులను స్వీకరింప నారంభించెను. కట్టుబాటు లేదు గనుక అందు మాకు పేచీ లేదు. కాని 2019లో వర్జీనియా విశ్వవిద్యాలయము కట్టుబాటుతో గూడిన ఎర్లీ డెసిషనును సైతము మరల తెచ్చిపెట్టినది. 2025లో మిచిగాన్ విశ్వవిద్యాలయము తానును, 2026లో చేరబోవు విద్యార్థులతో మొదలుపెట్టి, ఈ పద్ధతిని చేపట్టెదనని ప్రకటించినది. 2006లో బీదవాని కాలికి అడ్డముగా నుండిన దూలము 2019లో అడ్డము కాకపోవుటకు, దూలము తీసిరా, బీదవాడు ధనికుడయ్యెనా? రెండును కాలేదు. విద్యాలయమునకు దూలముతో పనిపడినది, అంతియే.

ఆ పని యేదో చదువరులు లెక్కతో తెలిసికొందురుగాక. ఉదాహరణమునకు ఒక విద్యాలయమున 1,000 సీట్లున్నవనుకొందము. పిలిచిన నూరుగురిలో 40 మంది మాత్రమే చేరుదురనుకొందము. అప్పుడు 1,000 సీట్లు నిండుటకు 2,500 మందిని పిలువవలెను. ఇక వాగ్దానము చేసినవారిని ముందుగా 400 మందిని పిలిచినచో, వారందరును చేరుదురు. మిగిలిన 600 సీట్లకు 1,500 మందిని పిలిచిన చాలును. మొత్తము పిలుపులు 1,900. ఒక్క సీటు పెరుగలేదు, ఒక్క పాఠము మెరుగుపడలేదు, అయినను 600 మందిని తక్కువగా పిలుచుటచేత ఆ విద్యాలయము "ఎంత కఠినమైన ఎంపిక!" యని లోకముచే పొగడ్త నందుచున్నది. ఆ పొగడ్తను జూచి మరునాడు మరికొన్ని వేలమంది దరఖాస్తులు పంపుదురు. విద్యార్థి భయము విద్యాలయమునకు కీర్తియగు చిత్రమిది.

ఇక ఈ వాగ్దానమునకు లభించు ప్రతిఫల మెంత? అవెరీ, ఫెయిర్‌బ్యాంక్స్, జెక్‌హౌజర్ అను మువ్వురు ఎంపిక కఠినముగా నుండు కళాశాలల దరఖాస్తులను పరిశీలించి 2003లో ఒక గ్రంథము ప్రకటించిరి. ముందుగా దరఖాస్తు పెట్టుట, ఎస్.ఎ.టి. పరీక్షలో దాదాపు 100 మార్కులు అధికముగా వచ్చుటతో సమానమని వారు తేల్చిరి. ఇరువది యేండ్లుగా జవాబు పత్రములు దిద్దుచున్న మాకు ఇది మింగుడుపడుట లేదు. తెలివికి మార్కులు వేయుదుము, శ్రమకు మార్కులు వేయుదుము. వెల అడుగకుండ కొందునని మాట యిచ్చినందుకు మార్కులు వేయుట ఏ బడిలో నేర్పిన ధర్మము? ఆ మాట యెవడియ్యగలడు? సాలీనా ఎంతైనను చెల్లింపగలవాడు ఇయ్యగలడు. కావున ఆ 100 మార్కులు తండ్రి సొమ్ముపెట్టెకు వేసినవే కాని, బిడ్డ బుద్ధికి వేసినవి కావు.

ఇచ్చట పూర్వపక్షులు చెప్పు సమాధానములను విడువక పరిశీలింతము.

"విద్యాలయముపై నిజమైన ప్రేమ గల విద్యార్థికి దానిని తెలుపుకొను మార్గమిది" యని మొదటి వాదము. ప్రేమ తెలుపుటకు తక్కిన దారులన్నియు మూసికొనవలెనా? మన దేశమున ఐ.ఐ.టి.లకు, ఎన్.ఐ.టి.లకు సీట్లు పంచు జోసా కౌన్సెలింగు చూడుడు. విద్యార్థికి తన ర్యాంకు తెలియును, ఫీజు తెలియును, ఏది మొదటి కోరిక, ఏది పదియవ కోరిక యను వరుస తానే వ్రాసికొనును, వచ్చిన సీటుకంటె మేలైనది కావలెనన్నచో తరువాతి విడతకై వేచియుండును. కోరిక తెలుపుటయు సాగినది, కాళ్లకు సంకెల వేసికొనుటయు తప్పినది. ఆ కౌన్సెలింగులో దోషములు లేవని మేమనము. ఈ యొక్క విషయమున మాత్రము అది మేలు.

"విద్యార్థికి డిసెంబరులోనే ఆందోళన తీరిపోవు" నని రెండవ వాదము. సీటు దొరకినవానికి తీరును. దొరకనివాని గతి యేమి? తన ఒక్క వాగ్దానమును వ్యర్థపుచ్చుకొని, సెలవుల దినములలో మిగిలిన దరఖాస్తులు వ్రాయుచు కూర్చుండును. అదియునుగాక, ఈ ఆందోళనను పుట్టించినదెవరు? సీట్లలో నొక పాలు ముందుగా తీసివేసి, వెనుక వచ్చువారికి తక్కువ మిగిల్చిన ఈ పద్ధతియే కదా! నిప్పు పెట్టినవాడే నీళ్లు తెచ్చెనని కృతజ్ఞత చూపుట మాకు చేతగాదు.

"ధనసాయము చాలనిచో విద్యార్థిని విడుదల చేయుదురు గదా" యని మూడవ వాదము. నిజమే, అట్టి షరతు కలదు. కాని విడుదలయైనవాని చేతిలో ఏమున్నది? నాలుగు చోట్ల వెల విన్నవాడు, ఇచ్చట ఎక్కువ, అచ్చట తక్కువ యని చెప్పి సాయము పెంచుడని అడుగగలడు. ఒక్కచోటనే విన్నవాడు ఏ కొలబద్దతో కొలుచును? వానికి ఔననుటయో, కాదని మొదటికి వచ్చుటయో రెండే మార్గములు. "నీకింత యవసరము" అని లెక్కగట్టువారు విద్యాలయమువారు. వృద్ధురాలగు నాయనమ్మ మందులకును, స్వదేశమందలి అప్పునకును ప్రతినెలా పంపు సొమ్ము ఆ లెక్కలో చేరదు. వర్జీనియా విశ్వవిద్యాలయము నిరూపింపబడిన అవసరమునంతయు తీర్చెదననుచున్నది, అది మెచ్చదగినదే. కాని నిరూపణకు కొలత వారిది, చెల్లింపు మనది. తాంబూలములు పుచ్చుకొన్న తరువాత కట్నపు జాబితా విప్పు పెండ్లిపెద్దలను మన పత్రికలు ఎంతకాలము దూషింపలేదు! ఇచ్చటను జరుగుచున్నది అదియే.

"రాష్ట్రము మాకిచ్చునది స్వల్పము; మేమును ప్రయివేటువారితో పోటీపడవలెను గదా" యని నాలుగవ వాదము. ప్రభుత్వ దానము తగ్గినదనుట సత్యమే. అయినను పుట్టువు, పేరు, ప్రతిష్ఠ ప్రజలు పెట్టినవి. వర్జీనియా విశ్వవిద్యాలయ పాలకమండలిని రాష్ట్ర గవర్నరు నియమించును. మిచిగాన్ విశ్వవిద్యాలయపు రీజెంట్లు ఎనమండుగురిని ఆ రాష్ట్ర ప్రజలే వోట్లువేసి ఎన్నుకొందురు. ప్రజలవలన అధికారము పొంది, సీట్ల కడ మాత్రము వర్తకుని త్రాసు పట్టుట యుక్తము కాదు. పోటీకి ఈ పద్ధతి తప్పనిసరి యనుటయు కల్ల. బర్కిలీ, లాస్ ఏంజిలిసు మున్నగు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములు ప్రజలవే. వానికై పోటీ తీవ్రమే. అయినను ఎర్లీ డెసిషన్ అచ్చట లేదు. అందరికిని ఒక్కటే గడువు. అందువలన వాని కీర్తికి వచ్చిన లోపమేమియు మాకు కానరాదు.

ఈ వాగ్దానము మనవారిపై పడు తీరు వేరు. సొంత రాష్ట్రపు విద్యార్థికిని, పొరుగు రాష్ట్రపు విద్యార్థికిని వెలలో గొప్ప భేదము కలదు. వర్జీనియాలోను మిచిగాన్‌లోను పొరుగువాడు బస భోజనములతో గూడ సాలీనా 80,000 డాలర్లకు పైబడి చెల్లింపవలసివచ్చును. మిచిగాన్ విశ్వవిద్యాలయము పూర్తి యవసరము తీర్చెదనని మాట యిచ్చినది తన రాష్ట్రవాసులకే. తండ్రి హెచ్-1బి వీసాపై, బిడ్డ హెచ్-4 వీసాపై నున్న ఇంటికి ఫెడరల్ ప్రభుత్వ ధనసాయము దొరకదు. ఇట్టి గృహస్థు నవంబరులో చేవ్రాలు చేయుట, లోతు చూడక ఏట దిగుటయే.

అయినను దిగుచున్నారు. ఎందుచేత? పొరుగింటి కుఱ్ఱవానికి ఎర్లీలో సీటు వచ్చినది గనుక. సంస్కృత పండితులు దీనిని అంధపరంపరాన్యాయ మందురు. ఒక గ్రుడ్డివాని చేయి మరియొక గ్రుడ్డివాడు పట్టుకొని నడచుట. "ముందుగా పెట్టినవారిలో నూటికి ఇందరికి వచ్చినది, తరువాత పెట్టినవారిలో నూటికి ఇందరికే వచ్చినది" అను పట్టికలు చేతికిచ్చి బెదరించువారు కలరు. ముందుగా పెట్టినవారిలో క్రీడలకై విద్యాలయమే యేరుకొన్న ఆటగాండ్రును కలిసియుందురని వారు చెప్పరు. ఆటగానికి దొరకిన సీటును చూచి తన బిడ్డకును అంతటి అవకాశమున్నదనుకొను తండ్రి, పరుల పంట చూచి తన గాదె కొలుచుకొనువాడు.

మరియొక మాట, ఇది కఠినమైనది. ఆ కాగితముపై మొదటి చేవ్రాలు బిడ్డది, కాని నిర్ణయమెవరిది? పదునేడేండ్ల బాలుని ముందట కాగితము పెట్టి, "ఇచ్చట సంతకం పెట్టు" అని తండ్రి యనును, బాలుడు పెట్టును. కుమార్తెను దూరము పంపుట కిష్టములేని యిండ్లలో, సమీపముననున్న విద్యాలయమునకు ఆమెను ముందుగానే కట్టివేయుటకు ఈ పద్ధతి చక్కని త్రాడుగా నుపయోగపడును. వివాహ విషయమున బిడ్డల సమ్మతి కావలెనని సభలలో ఉపన్యసించువారే విద్యావిషయమున ఆ సమ్మతి నడుగరు. నవంబరులో నొకటి కావలెనని, ఏప్రిలులో మరియొకటి కావలెనని కోరుట ఆ వయస్సునకు చాపల్యము కాదు, ఎదుగుదల. ఆ ఆరు నెలల యెదుగుదలను ముందుగానే అమ్ముకొనుట బిడ్డకు చేసిన ఉపకారము కాదు.

ఇది అమెరికావారి వింత మాత్రమే యని మనము నవ్వుకొనుటకును వీలులేదు. మన పట్టణములలో పదవ తరగతి పరీక్షలు వ్రాయకమునుపే, ఇంటింటికిని మనుష్యులను పంపి, "ఇప్పుడు అడ్వాన్సు కట్టినచో ఫీజులో తగ్గింపు, తరువాత సీటుండదు" అని చెప్పి ఇంటర్మీడియెటు సీట్లు అమ్ముచున్న కళాశాలలు లేవా? భయమును ముందుగా అమ్మి, ఆలోచనకు గడువు లేకుండ చేయుటయే ఉభయుల విద్యయును. అయితే మన దేశమున ఒక మేలు జరిగినది. 2018 అక్టోబరులో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము, విద్యాసంస్థలు విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను తమయొద్ద అట్టిపెట్టుకొనరాదనియు, మానుకొన్నవారికి గడువులను బట్టి ఫీజు మరల నియ్యవలెననియు ఆజ్ఞాపించినది. ఆ యాజ్ఞ అంతటను నడచుచున్నదని మేమనము. కాని విద్యార్థికి మనసు మార్చుకొను హక్కు కలదను ధర్మము అందు వ్రాతపూర్వకముగా నొప్పుకొనబడినది. ప్రజల విద్యాలయములకు తగిన ధర్మమదియే.

ఇక గృహస్థులు చేయవలసినది చెప్పుదుము. వర్జీనియా, మిచిగాన్ విశ్వవిద్యాలయములు రెండును "ఎర్లీ యాక్షన్" అను మరియొక మార్గమును ఉంచినవి. అదియు నవంబరు నాటి దరఖాస్తే. మిచిగాన్‌లో జనవరి చివరికి, వర్జీనియాలో ఫిబ్రవరి నడుమకు ఫలితము తెలియును. కట్టుబాటు మాత్రము లేదు. మే నెలవరకు నిర్ణయము మీ చేతిలోనే యుండును. వెల సరిపోల్చుకొనవలసిన ప్రతి యింటికిని ఇదియే దారి. ఎర్లీ డెసిషన్ మూడు విషయములు తీరిననాడే తగును. మొదటిది, పూర్తి వెలను నాలుగేండ్లును అప్పులేక చెల్లింపగల శక్తి. లేదా సాయమెంత వచ్చునో నమ్మకమైన లెక్క. ఫెడరల్ సాయము పుచ్చుకొను ప్రతి విద్యాలయమును నికర వెలను గణించు సాధనమును తన వెబ్‌సైటులో నుంచవలెనని 2011 అక్టోబరు నుండి అచ్చటి చట్టము విధించుచున్నది. భార్యాభర్తలిరువురును కూర్చుండి, పన్ను కాగితములు ముందు పెట్టుకొని, ఆ లెక్క చేయుడు. రెండవది, బిడ్డ ఆ విద్యాలయమును స్వయముగా తెలిసికొని, మీ యెదుట గాక తనంతట తాను కోరుట. మూడవది, తమ్ముని చదువు, చెల్లెలి చదువు, ఇంటి అప్పు—వీనికి కొరత రాకుండుట. మూడును తీరినవారు చేవ్రాలు చేయవచ్చును. చేసినవారు మాట తప్పరాదు. వెల తెలిసి యిచ్చిన మాటను, మరియొక చోట మెరుగైనది దొరకెనని త్రోసిపుచ్చుట మోసమే యగును. ఒక్కటి తీరకున్నను మానుకొనుడు.

అంతటితో పని ముగియదు. తాను తప్పించుకొని ఊరకుండువాడు జాణ యగును గాని సంస్కర్త కాడు. 2024లో వర్జీనియా శాసనసభ ఒక చట్టము చేసి, పూర్వవిద్యార్థుల సంతతియనియు, దాతల సంబంధులనియు ప్రభుత్వ విద్యాలయములలో పక్షపాతము చూపుట నిషేధించినది. పుట్టుకకు మార్కులు వేయరాదని చెప్పిన చేతితోనే, ధనముచే పలికించిన వాగ్దానమునకును మార్కులు వేయరాదని వ్రాయవచ్చును. అచ్చట వోటు హక్కు పొందిన తెలుగువారు వేలమంది యున్నారు. పండుగలకు మందిరములలో కలియుదురు, సంఘములు పెట్టుకొందురు, సన్మానములు చేసికొందురు. ఒక్క సాయంకాలము సన్మానము మాని, తమ శాసనసభ్యునికి ఒక ఉత్తరము వ్రాయుడని, మిచిగాన్‌లో రీజెంటు పదవికి నిలిచినవానిని ఈ ప్రశ్న యడుగుడని మేము కోరుచున్నాము. తమ బిడ్డకు సీటు దొరకిన పిమ్మటనైనను అడుగవలెను. అప్పుడడిగినదే నిస్స్వార్థమైన ప్రశ్న.

విద్య దానమని మన పూర్వులనిరి. హక్కని ఈ కాలపువారనుచున్నారు. దానమైనను సరియే, హక్కైనను సరియే, రెంటిలోను వెల చెప్పకమునుపే చేయి పట్టుకొని వ్రాయించుకొను పత్రమునకు చోటు లేదు. ప్రజల విద్యాలయములు ఆ పత్రమును చించివేయువరకు, ప్రజలలో వెల యెరుగనివారు దానిని ముట్టకుందురుగాక.